సిద్ధాంతాల్లో శత్రువులై, లోపల మాత్రం ఒకేలా ఉండే కల్పిత పాత్రలు ఎవరు?

ఈ ప్రశ్నకి చాలామంది ఎక్స్-మెన్ కామిక్స్‌లోని ప్రొఫెసర్ ఎక్స్, మాగ్నెటోల పేర్లు చెబుతారు. తప్పేం లేదు గానీ, వాళ్లు పాత స్నేహితులని కథే చెప్పేస్తుంది. మనం కనిపెట్టడానికి ఏమీ మిగలదు. నా ఓటు విక్టర్ హ్యూగో 1862 నాటి నవల ‘లే మిజరాబ్ల్’లోని జీన్ వాల్జీన్‌కీ, ఇన్‌స్పెక్టర్ జావెర్‌కీ.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అక్క పిల్లల ఆకలి చూడలేక రొట్టె దొంగిలించి, మధ్యలో పారిపోబోయి శిక్ష పెంచుకుని, 19 ఏళ్లు ఖైదులో మగ్గినవాడు వాల్జీన్. బయటికొచ్చాక పేరు మార్చుకుని ఒక ఊరికి మేయరవుతాడు. అదే ఊళ్లో పోలీసు అధికారి జావెర్. మనిషి మారతాడని ఒకరి నమ్మకం, నేరం చేసినవాడు నేరస్థుడేనని ఇంకొకరి నమ్మకం.

స్కూల్లో చదివిన సంక్షిప్త ప్రతిలో జావెర్ ఉత్త విలన్. ఉద్యోగంలో చేరాక పూర్తి నవల చదివితే వేరే మనిషి కనిపించాడు. మేయరే పాత ఖైదీ అని అనుమానించి జావెర్ పై అధికారులకు రాస్తాడు. అసలు వాల్జీన్ వేరేచోట దొరికాడని జవాబొస్తుంది. వెంటనే మేయర్ దగ్గరికొచ్చి తనను ఉద్యోగంలోంచి తీసేయమంటాడు. రాజీనామా ఇవ్వొచ్చు కదా? ఇవ్వడు, అది గౌరవంగా తప్పుకోవడమవుతుందట. తప్పు చేశాను కాబట్టి నన్ను వెళ్లగొట్టాలి అంటాడు. మేయర్ చెయ్యి చాపితే ఆ చెయ్యి కూడా అందుకోడు.

ఆ మాటల వల్లే వాల్జీన్‌కి తెలుస్తుంది, తన పేరు మీద ఎవరో అమాయకుడు శిక్ష పడబోతూ కోర్టులో నిలబడ్డాడని. నోరు మూసుకుంటే జీవితాంతం నిశ్చింతగా బతకొచ్చు. రాత్రంతా తనతో తనే పోట్లాడి, తెల్లారకముందే ఆరాస్ కోర్టుకి బయల్దేరతాడు. అక్కడ ఎవరూ నమ్మకపోతే పాత ఖైదీల్లో ఒకడికి, నువ్వు జైల్లో వేసుకునే గళ్ల అల్లిక పట్టీలు (ప్యాంటు జారకుండా భుజాల మీదుగా వేసుకునేవి) గుర్తున్నాయా అని గుర్తుచేసి మరీ తనను తాను పట్టించుకుంటాడు.

ఒకరి వెంటే ఒకరు, ఇద్దరూ చేసింది ఒకటే పని. తమకు తాము మినహాయింపు ఇచ్చుకోవడం ఇద్దరికీ చేతకాదు. ఎదుటివాడి విషయానికొచ్చినప్పుడే దారులు వేరు. పుట్టుకలూ దగ్గరే. జావెర్ పుట్టిందే జైల్లో, వాళ్ల నాన్న ఖైదీ.

ఇది చదివాక మా ఆఫీసులో ఇద్దరు సీనియర్లు కొత్తగా కనిపించారు. ఒకాయన రూల్ బుక్ పట్టుకుని అందరి సెలవులూ కోసేవారు, ఇంకొకాయన ఎవరేం అడిగినా సంతకం పెట్టేసేవారు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. మొదటాయన ఓసారి ఆలస్యంగా వచ్చి, ఎవరూ చూడకపోయినా రిజిస్టర్‌లో తన పేరు పక్కన ఎర్రసిరాతో గీత పెట్టుకున్నారు. రెండో ఆయన తన టూర్ బిల్లులో స్నేహితుడి ఇంట్లో బస చేసిన రాత్రులకు లాడ్జి ఖర్చు తీసేసి ఇచ్చేవారు. ఈ సంగతి వాళ్లతో అనేంత ధైర్యం నాకు లేదనుకోండి!

చివర్లో జావెర్ సేన్ నదిలో దూకడాన్ని ఓటమి అంటారు చాలామంది. నాకలా అనిపించదు. వాల్జీన్‌ని వదిలేసి మొదటిసారి ఒకణ్ని క్షమించాడు, అలా క్షమించినందుకు తనను మాత్రం క్షమించుకోలేకపోయాడు. దూకేముందు పోలీసు ఠాణాలో కూర్చుని, శాఖ మేలు కోరి ఒక కాగితం రాస్తాడు. విచారణ నుంచి వచ్చిన ఖైదీలను సోదా చేసేటప్పుడు రాతినేల మీద చెప్పుల్లేకుండా నిలబెడుతున్నారని, తిరిగి వెళ్లాక చాలామంది దగ్గుతున్నారని అందులో ఉంటుంది. అయితే కారణం మాత్రం ఆసుపత్రి ఖర్చు పెరుగుతోందని చూపిస్తాడు! ఆ వాక్యం వాల్జీన్ రాసినా నమ్మేస్తాం.

నవల చాలా పెద్దది. వాటర్లూ యుద్ధం, పారిస్ మురుగుకాలువల చరిత్ర దాటేసినా ఈ ప్రశ్న వరకు నష్టం లేదు. మొదటి భాగంలో జావెర్ మేయర్ గదిలోకి వచ్చిన దగ్గర్నుంచి ఆరాస్ కోర్టు దాకా మాత్రం ఆపకుండా ఒకే ఊపులో చదవండి.