వెన్నెముక టీబీకి ఆపరేషన్ ఎప్పుడు అవసరమవుతుంది?

మీ నాన్నగారికి వీపు మధ్యభాగంలో వెన్నుపూసల టీబీ అని ఎమ్మారైలో తేలిందనీ, ఒక సర్జన్ ఆపరేషన్ చేయాలంటే మరొకరు మందులతోనే తగ్గుతుందన్నారనీ, వెన్నెముక ఆపరేషన్ చేయిస్తే కాళ్లు పడిపోతాయని బంధువులు భయపెడుతున్నారనీ రాశారు. నేను డాక్టరును కాను. మా అన్నయ్యకు ఇదే జబ్బు వచ్చి, ఆపరేషన్ జరిగి, ఏడాదికి పైగా మందులు వాడి కోలుకున్నారు. ఆ కాలమంతా ఆయన పక్కనే ఉండి చూసినదీ, వైద్యులను అడిగి తెలుసుకున్నదీ చెబుతున్నాను.

టీబీని తగ్గించేవి మాత్రలే. వెన్నుపామును నొక్కుతున్న చీమునూ పాడైన ఎముకనూ తొలగించడం, పూసలు కూలిన చోట వెన్నును నిలబెట్టడం ఆపరేషన్ చేసే పని. కాబట్టి మందులు ఎటూ తప్పవు. వాటితోపాటు ఆపరేషన్ కూడా కావాలా అన్నదే మీరు తేల్చుకోవలసిన విషయం. దానికి జవాబు ఎమ్మారై ఫిల్ములో కంటే మీ నాన్నగారి కాళ్లలో ఎక్కువగా ఉంటుంది.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే ఒకరు డబ్బు కోసం చెప్పారని అనుకోనక్కరలేదు. 1950లలో హాంకాంగ్‌లో హాడ్జ్‌సన్, స్టాక్ అనే సర్జన్లు ముందువైపు నుంచి వెళ్లి చెడిన ఎముకనంతా తీసేసి, ఆ ఖాళీలో వేరే ఎముకను అమర్చే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఆ తర్వాత కొరియాలోనూ మద్రాసులోనూ జరిగిన అధ్యయనాలు, మంచం పట్టకుండా తిరుగుతూ మందులు వాడినవారిలో కూడా చాలామందికి నయమవుతుందని చూపాయి. 1975లో వారణాసికి చెందిన ప్రొఫెసర్ ఎస్.ఎం. తులీ గారు మధ్యేమార్గాన్ని ప్రతిపాదించారు: అందరికీ మందులు, అవసరమైనవారికి మాత్రమే ఆపరేషన్. నేటికీ మన దేశంలో చాలామంది వైద్యులు ఆలోచించేది ఈ దారిలోనే.

మా అన్నయ్యకు మొదట వీపులో నొప్పి వచ్చింది. బస్తాలు మోసిన నొప్పి అని ఒక క్లినిక్‌లో ఇంజెక్షన్లు ఇస్తూ పోయారు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడడం, బరువు తగ్గడం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఒకరోజు నడుస్తుండగా ఎడమకాలి చెప్పు జారిపోతే ఆయనకు తెలియలేదు. వెనక వస్తున్న వదిన చెప్పాకే చూసుకున్నారు. పెద్ద ఆసుపత్రిలో న్యూరోసర్జన్ తాళంచెవి కొనతో అరికాలి మీద గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోకుండా పైకి లేచింది. పాదాన్ని ఒక్కసారిగా పైకి నొక్కి పట్టుకుంటే చీలమండ టకటకమని కొట్టుకుంది. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందనడానికి ఇవి గుర్తులని, వీపు మధ్యలో ఉండే డీ8, డీ9 అనే పూసల మధ్య డిస్కు కరిగి, ముందుభాగం కూలి, చీము వెనక్కి తోసుకొచ్చిందని ఆయన ఫిల్ములో చూపించారు. మందులు మొదలుపెట్టాక కూడా బలం తగ్గుతూ పోవడంతో ఆపరేషన్ నిర్ణయించారు.

వీపువైపు నుంచి వెళ్లి ఒత్తిడి తీసేసి, పైనా కిందా ఉన్న గట్టి పూసల్లో టైటానియం స్క్రూలు వేసి రాడ్లతో కలిపారు. చీము ఉన్న చోట లోహం పెడితే మళ్లీ చీము పట్టదా అని నేను అడిగాను. మామూలు చీము పుట్టించే బ్యాక్టీరియాతో పోలిస్తే టీబీ క్రిమి లోహాన్ని అంతగా అంటిపెట్టుకోదని, మందులు సరిగా పడుతుంటే స్క్రూలు వేయవచ్చని వివరించారు. తీసిన చీమునూ ఎముక ముక్కలనూ సీబీనాట్‌కు (టీబీ క్రిమి ఉందో లేదో, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చూసే పరీక్ష), కల్చర్‌కు (క్రిమిని ల్యాబులో పెంచి చూడడం), బయాప్సీకి పంపారు. ఇది చాలా ముఖ్యం. ఫిల్ములో టీబీలా కనిపించేవన్నీ టీబీ కావు. ఇతర ఇన్‌ఫెక్షన్లూ, కొన్ని క్యాన్సర్లూ అలాగే కనిపించవచ్చు. టీబీయే అయినా ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగనిదైతే మందులే మారతాయి. మీ నాన్నగారికి ఆపరేషన్ వద్దనుకున్నా, సీటీ స్కాన్ సాయంతో సూది వేసి నమూనా తీయడం వీలవుతుందా అని తప్పక అడగండి.

ఇక కాళ్లు పడిపోతాయన్న భయం సంగతి. ఆ ప్రమాదం లేదని ఏ సర్జనూ చెప్పరు. రక్తస్రావం, గాయం చీము పట్టడం, స్క్రూలు వదులు కావడం కూడా ఉన్నాయి. అయితే వెన్నుపామును నొక్కుతున్న చీమును అలాగే వదిలేసినా కాళ్లు పడిపోవచ్చు. నడవగలిగే దశలో వెళ్లినవారు కోలుకున్నంతగా, పూర్తిగా పడిపోయాక చాలాకాలానికి వెళ్లినవారు కోలుకోవడం కష్టం. మీ నాన్నగారికి నడకలో తూలడం, కాళ్లు బిగుసుకుపోవడం, ఛాతీ కింది నుంచి తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వారం తర్వాతి అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాళ్లు బలంగా ఉండి, పూసలు పెద్దగా కూలకుండా ఉంటే, మందులతో మొదలుపెట్టి గమనిస్తామన్న డాక్టరు మాట నమ్మదగినదే. మొదటి నెలల్లో ఎమ్మారైలో చీము కొంత పెరిగినట్టు కనిపించినంత మాత్రాన మందులు విఫలమైనట్టు కాదని కూడా మాకు చెప్పారు.

ఆపరేషన్ తర్వాతి రోజులకు ఇంట్లో మనుషులు కావాలి. అన్నయ్యను పక్కకు తిప్పాలంటే భుజాలూ నడుమూ కాళ్లూ ఒకేసారి, దుంగను దొర్లించినట్టు తిప్పేవాళ్లం. పుండ్లు పడకుండా రాత్రిళ్లు కూడా రెండు గంటలకోసారి అలా తిప్పమన్నారు. బలం నెమ్మదిగానే తిరిగి వచ్చింది. మొదట కదిలింది కుడికాలి బొటనవేలు.

మందుల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు, మొత్తం పన్నెండు నెలలు. అవసరమైతే పద్దెనిమిది దాకా పొడిగిస్తారు. నొప్పి తగ్గగానే మానకూడదు. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్లే, కంగారు పడవద్దు. కళ్లు పచ్చబడినా, ఆగకుండా వాంతులైనా, చూపు మసకబారినా, రంగుల తేడా తెలియకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఖర్చు గురించి కూడా అడిగారు. టీబీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆపరేషన్ తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందేమో అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలో ఈ పథకాల సహాయకులుగా ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. ప్రైవేటులో చూపించుకుంటున్నా టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో పేరు ఎక్కించి, ఐడీ నంబరు రాసిపెట్టుకోండి. పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయాన్ని 2024 నవంబరు నుంచి 1000కి పెంచారు. బ్యాంకు ఖాతా వివరాలు సరిగా ఎక్కితేనే అది జమ అవుతుంది.