పాఠకుల ప్రశ్నలు: మస్కాన్యి ఒక్క ఒపేరాతోనే ఎందుకు మిగిలిపోయాడు?

ప్రశ్న: ఇరవై ఆరేళ్లకే ‘కవలేరియా రుస్తికానా’ అనే ఒపేరా (పాటలతోనే నడిచే నాటకం)తో యూరప్‌ను ఊపేసిన ఇటలీ స్వరకర్త మస్కాన్యి, ఆ తర్వాత యాభై అయిదేళ్లు బతికి కూడా దాన్ని మించింది రాయలేకపోయాడు. సరుకు అయిపోయిందా?
– ఒక పాఠకుడు, మైలాపూర్, చెన్నై

జవాబు: సరుకు అయిపోలేదు. అతనికి అచ్చొచ్చిన కొలత మళ్లీ దొరకలేదు.

1888లో మిలాన్ ప్రచురణకర్త సోంజోన్యో కొత్త స్వరకర్తలకు పోటీ పెట్టాడు. షరతు: ఒకే అంకం. 73 రచనలు వచ్చాయి. మస్కాన్యి అప్పటికి మిలాన్ కన్సర్వేటరీ (సంగీత కళాశాల) చదువు మధ్యలో వదిలేసి, ఊళ్లు తిరిగే ఆపరెట్టా (తేలికపాటి ఒపేరా) బృందాలతో పనిచేసి, దక్షిణ ఇటలీలోని చెరిన్యోలాలో సంగీతం చెప్పుకుని బతుకుతున్నాడు. పోటీకి అతను పంపి గెలిచిన ‘కవలేరియా’ 1890 మే 17న రోమ్‌లో కోస్తాంజి థియేటర్‌లో ఆడింది. రాత్రికి రాత్రే పేరొచ్చింది.

మొత్తం డెబ్బై నిమిషాల పైచిలుకు. సిసిలీ పల్లె, ఈస్టర్ రోజు, ఒక అక్రమ సంబంధం, కత్తులతో తేల్చుకోవడం. ఉపకథ లేదు. తెర లేవకముందే లోపలి నుంచి కథానాయకుడు తురిద్దు పాడే పాట హార్ప్ తోడుగా వినిపిస్తుంది. అతని చావు మాత్రం మనకు కనిపించదు. ‘తురిద్దుని చంపేశారు’ అని ఒక ఆడగొంతు అరుస్తుంది, పాడదు. ఈ బిగువు ఒక్క అంకం షరతు పుణ్యమే.

తర్వాత రాసినవి చాలావరకు పెద్దవి. వాటిలో పాటలు బాగానే ఉంటాయి, కథలే నడవవు. ‘ఐరిస్’ (1898) మొదట్లో వచ్చే సూర్యుడి బృందగానం వినండి, ఆ తర్వాత కథ ఎంత నీరసపడుతుందో తెలుస్తుంది. విద్యార్థిగా ఇతనితో ఒకే గదిలో ఉన్న మరో ఒపేరా స్వరకర్త పుచ్చిని, లిబ్రెట్టో (ఒపేరా మాటలు) రాసేవాళ్లను సతాయించి మళ్లీ మళ్లీ రాయించుకునేవాడు. ఆ పట్టుదల ఇతనిలో కనబడదు.

గట్టి దెబ్బ 1901 జనవరి 17న తగిలింది. అతని కొత్త ఒపేరా ‘లె మస్కెరె’ను ఏడు నగరాల్లో ఒకే రాత్రి విడుదల చెయ్యాలనుకున్నారు, నేపుల్స్‌లో గాయకుడికి జబ్బుచేసి అక్కడ రెండు రోజులు ఆగింది. మిలాన్‌లో టోస్కానిని ఆర్కెస్ట్రా నడిపి, కరూసో పాడినా జనం ఈలలు వేసి గేలిచేశారు. అతనే నడిపిన రోమ్‌లో మాత్రం గట్టెక్కింది. ఊరంతా కటౌట్లు కట్టిన సినిమా మొదటి ఆటకే పడిపోతే ఎలా ఉంటుందో చెన్నైవాళ్లకు చెప్పక్కర్లేదు. చివరి రోజుల్లో ముసోలిని ప్రభుత్వంతో అంటకాగడం మిగిలిన పరువునూ తీసింది. 1945 ఆగస్టు 2న రోమ్‌లో పోయాడు.

ప్రశ్న: కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను. ‘కవలేరియా’లోని ఇంటర్మెజ్జోను (మధ్యలో వాయిద్యాలతోనే వచ్చే భాగం) వాయించవచ్చా?
– ఒక పాఠకురాలు, టి. నగర్

జవాబు: వాయించవచ్చు. అది ఎఫ్ మేజర్, అంటే నాలుగు కట్టై షడ్జమానికి శంకరాభరణం స్వరాలు. ఇబ్బంది తీగల దగ్గర వస్తుంది. మీ నాలుగు తీగల శ్రుతి స-ప-స-ప; స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) మాత్రం జి-డి-ఎ-ఇ అనుకుని రాసి ఉంటుంది. మీ శ్రుతితోనే వాయించాలంటే నొటేషన్ పక్కన పెట్టి, స్వరాలు రాసుకుని చెవితో పట్టండి. తీగల శ్రుతి మార్చదలిస్తే పెగ్ కొంచెం కొంచెంగా తిప్పండి. కింది శ్రుతిలో ఉన్న సన్న తీగను ఒక్కసారిగా పైకి లాగితే తెగుతుంది.

తంబురా పెట్టకండి. కింద కార్డ్‌లు (కలిసి మోగే స్వరాలు) మారుతూ ఉంటే ఆగకుండా మోగే స-ప వాటితో కొట్టుకుంటుంది. కీబోర్డును ఆర్గన్ శబ్దంలో పెట్టి ఎవరిచేతనైనా కార్డ్‌లు పట్టించండి. అసలులో కూడా పెద్ద వరస వచ్చినప్పుడు వయొలిన్లన్నీ ఒకే గొంతుగా సాగితే, కింద ఆర్గన్, హార్ప్ మోస్తాయి. రి, ధ, ని మీద అలవాటుగా వచ్చే గమకాన్ని ఆపుకోండి, సన్నటి వైబ్రాటో (స్వరం మీద వణుకు) చాలు. మూడు లెక్కల నడక, నిదానం. మొదట్లోనే కమాను అంతా లాగేస్తే పెద్ద వరస దగ్గర నాదం పలచబడుతుంది.

వినడానికి 1940లో మస్కాన్యి తానే నడిపిన రికార్డింగ్ ఉంది; తురిద్దుగా జీల్యి పాడాడు. అందులో వేగం మరీ తక్కువ. దాన్ని పట్టుకుని సాధన చేస్తే కమాను చాలదు కాబట్టి, తర్వాతి కాలపు రికార్డింగ్ ఏదైనా పక్కన పెట్టుకోండి.