కుక్క బొమ్మ పిల్ల చేతిలోనే ఉండనీ

చిన్నా,

సంక్రాంతికి మీ అత్తగారింట్లో అందరినీ కూర్చోబెట్టి ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ బోర్డ్ గేమ్ ఆడించబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పండగంటే పేకాట తప్ప ఇంకోటి తెలియని ఇంట్లో, అందరూ ఒకే జట్టుగా ఆడే ఆట పెడుతున్నావంటే మెచ్చుకోవాల్సిందే. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు దడ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. ఆట నలుగురికే, మీరు ఆరుగురు కాబట్టి ఇద్దరిద్దరు కలిసి కూర్చోండి. రూల్స్ ముందురోజు రాత్రే చదివేసుకో. అందరి ముందూ పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే మీ మావగారు టీవీ పెట్టేస్తారు. సినిమా చూపించే తీరిక లేకపోతే కథ నోటితో చెప్పెయ్. 1985 నాటి కుర్రాడు మార్టీ, సైంటిస్టు డాక్ టైమ్ మెషీన్‌గా మార్చిన డెలోరియన్ కారులో 1955కి వెళ్లిపడి, తన అమ్మానాన్నలు ఒకరికొకరు పరిచయం కాకుండా అడ్డుపడతాడు. వాళ్లని మళ్లీ కలపాలి, బిఫ్ అనే రౌడీని తప్పించుకోవాలి, రాత్రి 10:04కి గడియారం మేడ మీద పిడుగు పడేలోగా కారుని అక్కడికి చేర్చాలి. మీ అత్తగారికి ‘ఆదిత్య 369’లో టైమ్ మెషీన్ లాంటిదంటే చాలు, అందుకుంటారు. మార్టీ వాళ్లమ్మ తన కొడుకని తెలియక వాడి మీదే మనసు పడే భాగం మాత్రం దాటెయ్. నేను ఇక్కడ మా వియ్యపురాలికి వివరంగా చెప్పి నాలిక్కరుచుకున్నాను. ఆవిడ ఆ సాయంత్రమంతా నన్ను అదోలా చూసింది.

ఇక అసలు సంగతి.

రెండేళ్ల కిందట డాలస్‌లో, క్రిస్మస్ సెలవుల్లో, ఇదే ఆట పెట్టాం. మా మనవడికి అప్పుడు పదేళ్లు. వాడు డాక్ గారి కుక్క ఐన్‌స్టైన్‌ని తీసుకున్నాడు. నేను డాక్‌ని. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని కదా, బోర్డు చూడగానే బుర్ర పరుగెత్తింది. ‘ఐన్‌స్టైన్‌ని బిఫ్ దగ్గరికి పంపుతా నానమ్మా’ అన్నాడు వాడు. ‘దండగ, ఇటు రా’ అని కుక్క బొమ్మని నా వేలితో నేనే జరిపేశాను. మళ్లీ వంతుకీ అంతే. మూడో వంతుకి వాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ‘నీ వంతురా’ అంటే ‘చెప్పు, ఎక్కడ పెట్టాలి?’ అన్నాడు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయాను కూడా, అదీ నా తెలివి! చివరికి గెలిచాం. నేను చప్పట్లు కొట్టాను. వాడు ‘కంగ్రాట్స్ నానమ్మా’ అని లేచి గదిలోకి వెళ్లిపోయాడు. మర్నాటికి ఆ పెట్టె అలమార పై అరలోకి చేరింది.

పేకలో అయితే ఎవరి ముక్కలు వాళ్లవి, పక్కవాడు తొంగి చూస్తే తిడతాం. ఇక్కడ అందరిదీ ఒకే పక్షం, అన్నీ కళ్లెదుటే ఉంటాయి. తెలిసినవాళ్లు నలుగురి ఆటా తామే ఆడేస్తారు. అదేదో సాయం చేస్తున్నామనే అనుకుంటారు.

ఈ జబ్బు నాకు కొత్తది కాదు. మీ అమ్మకి ఆరేళ్లప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లం. అది గవ్వలు వేసేది, దాని చింతగింజలు కూడా నేనే జరిపేదాన్ని. ఒకరోజు గవ్వలన్నీ తీసుకెళ్లి నూతిలో పారేసింది. మా అమ్మ చేతిలో దెబ్బలు తింది గానీ ఎందుకు పారేసిందో చెప్పలేదు. తెలిసి నేనూ నోరు విప్పలేదు. ఇన్నేళ్లయినా నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

నువ్వేమో అచ్చం నా పోలిక. పదో తరగతిలో పక్కవాడి రికార్డు కూడా నువ్వే రాసిపెట్టిన ఘనుడివి. అందుకే ఇంతగా పోరుతున్నాను. మీ చిట్టికి ఎనిమిదేళ్లే కదా, పెట్టె మీద పదేళ్లు దాటినవాళ్లకని రాసుంటుంది, వాళ్ల అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టు. కుక్క బొమ్మ దానికే ఇవ్వు. పాచికలు వేసే ముచ్చటా దానిదే. అది తప్పు చోటికి వెళ్తుంటే చూస్తూ ఊరుకో. అడిగితేనే చెప్పు, అడిగినా ఒక్క మాటే చెప్పు. ఓడిపోతే ఏం కొంప మునుగుతుంది, ఇంకో ఆట వేస్తారు.

మొన్న వేసవిలో మనవడే ఆ పెట్టె దింపాడు. ‘నీకు మార్టీ గర్ల్‌ఫ్రెండ్ జెనిఫర్. నా వంతులో మాట్లాడకూడదు’ అని షరతు. సరేనన్నాను. నోరు ఊరుకోదుగా, మాట బయటికి వచ్చినప్పుడల్లా ఒక జంతిక నోట్లో కుక్కుకున్నాను. టైమ్ అయిపోయేసరికి కారు ఇంకా ఊరి మధ్యలోనే ఉంది. వాడు పడీ పడీ నవ్వి, ‘ఇంకోసారి వేద్దామా నానమ్మా?’ అన్నాడు.

మీ అత్తగారితో చెప్పి ఈసారి జంతికలు కాస్త ఎక్కువ చేయించు. నాకు ఆ ఒక్క పూటకే అర డబ్బా పట్టాయి.

మీ పెద్దమ్మ