హెలికాప్టర్ పైలట్ అవ్వాలని అమెరికా వద్దామనుకుంటున్న వైజాగ్ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, వాళ్ళ అమ్మానాన్నలకి

ఈ మధ్య వైజాగ్ నుంచి నాకొచ్చే సందేహాల్లో ఇదే ఎక్కువగా ఉంటోంది. అన్నా, ద్వారకానగర్లో కన్సల్టెన్సీ వాళ్ళు ఏడాదిలో హెలికాప్టర్ లైసెన్సు, ఆ తర్వాత అక్కడే జాబు అంటున్నారు, నిజమేనా, వచ్చేయమంటావా అని. ఇప్పుడు సెలవు మీద మర్రిపాలెంలో అమ్మ దగ్గరే ఉన్నా కాబట్టి ఇంటికే వచ్చి అడుగుతున్నారు, నిన్న కూడా మా వీధి చివరాయన కొడుకుని తీసుకుని వచ్చాడు, భోగాపురం వైపున్న స్థలం బేరం పెట్టేశారట ఫీజు కోసం. అందుకే అందరికీ కలిపి రాస్తున్నా, కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

నేను టెక్సాస్‌లో చాలా ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నా. మొదట ఇన్‌స్ట్రక్టర్‌గా, తర్వాత మెక్సికో గల్ఫ్‌లో ఆయిల్ రిగ్గులకి, ఇప్పుడు ఎయిర్ అంబులెన్స్. ఈ పనంటే నాకు ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ నన్ను అడిగేవాళ్ళంతా రెండే అడుగుతారు, జీతం ఎంత, ప్రమాదం ఎంత అని. దీని అసలు ఖరీదు ఎవరు కడతారు అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. సగం నువ్వు కడతావు, మిగతా సగం నీ ఇంట్లోవాళ్ళు కడతారు, వాళ్ళని అడక్కుండానే. నేను చెప్పాలనుకున్నది ఇదే.

ముందు వీసా సంగతి, ఎందుకంటే కన్సల్టెన్సీలో దీని గురించి నోరెత్తరు. ఫ్లయింగ్ స్కూల్స్ చాలావరకు ఇప్పించేది ఎం-1 వీసా, అంటే వృత్తి కోర్సులకిచ్చే వీసా. దాని మీద చదువుతున్నంత కాలం ఉద్యోగం చెయ్యకూడదు, కోర్సు అయ్యాక ప్రాక్టికల్ ట్రైనింగ్ ఇస్తారు గానీ చదివిన ప్రతి నాలుగు నెలలకి ఒక నెల చొప్పున, ఎంత లాగినా ఆరు నెలలు దాటదు. ఎం-1 నుంచి కాలేజీ చదువుల వీసా ఎఫ్-1 కి మారడానికి లేదు, అక్కడ నేర్చుకున్న పని చూపించి హెచ్-1బి కి మారడానికీ లేదు. అసలు హెచ్-1బి అనేది డిగ్రీ తప్పనిసరిగా కావాల్సిన ఉద్యోగాలకి, పైలట్ ఉద్యోగం సాధారణంగా ఆ లెక్కలోకి రాదు. మరి నాకెలా కుదిరింది అంటే నేను సాఫ్ట్‌వేర్‌లో వచ్చి గ్రీన్ కార్డు చేతికొచ్చాకే దీనిలోకి దిగా. మనోళ్ళకి గ్రీన్ కార్డు లైను ఎంత పొడవో అమెరికాలో ఉన్న ఏ తెలుగువాణ్ణి అడిగినా చెప్తాడు. పైగా వేరే దేశం వాళ్ళు అక్కడ లైసెన్సు కోసం ఫ్లయింగ్ మొదలుపెట్టాలంటే అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ వాళ్ళ సెక్యూరిటీ అనుమతి కూడా రావాలి.

ఇప్పుడు ఆ ఆరు నెలల్లో ఏం అవుతుందో చూడండి. కమర్షియల్ లైసెన్సుకి 150 గంటలు కావాలి. కానీ 150 గంటలున్న కుర్రాడికి హెలికాప్టర్ ఎవరూ ఇవ్వరు. టూరిస్టుల్ని తిప్పేవాళ్ళు, రిగ్గులకి వెళ్ళేవాళ్ళు మామూలుగా 1000 గంటలు అడుగుతారు, ఎయిర్ అంబులెన్స్ అయితే 2000 చుట్టుపక్కల. మధ్యలో ఉన్న ఆ గంటలన్నీ సంపాదించే దారి ఒకటే, నువ్వు నేర్చుకున్న స్కూల్లోనే పిల్లలకి నేర్పడం. అది కూడా స్కూళ్ళలో వాడే ఆర్22 హెలికాప్టర్‌లో నేర్పాలంటే నీకు 200 గంటలు ఉండాలి, అందులో 50 ఆర్22లోనే ఉండాలి, అది రూలు. గంటకి ఖర్చు నాలుగు వందల డాలర్ల దగ్గర వేసుకున్నా 200 గంటలకి 80 వేల డాలర్లు, అంటే 70 లక్షల దాకా, తిండి అద్దె దీనిలో లేవు. అంత పెట్టి 200 గంటల దగ్గర నిలబడ్డాక ఆరు నెలల్లో ఇంకో 800 గంటలు ఎక్కడినుంచి వస్తాయి? స్కూల్లో స్టూడెంట్లు ఉండాలి, వాతావరణం బాగుండాలి, మెషీన్ రిపేరులో ఉండకూడదు. 2008లో అమెరికాలో ఒక పెద్ద హెలికాప్టర్ స్కూల్ ఉన్నట్టుండి మూతపడితే పిల్లలు అప్పులతో రోడ్డున పడ్డారు, ఫీజు మొత్తం ముందే కట్టేసి. అందుకే చెప్తున్నా, ఏ స్కూలైనా సరే మొత్తం ఒకేసారి కట్టమంటే కట్టకండి, ఎగిరిన గంటకి ఆ గంట డబ్బులు అన్న పద్ధతిలోనే కట్టండి.

ఇన్‌స్ట్రక్టర్ జీవితం ఎలా ఉంటుందో కూడా చెప్తా, ఫోటోల్లో అది కనిపించదు. ఆర్22 అంటే ఇద్దరు పట్టే బుల్లి హెలికాప్టర్, మనుషులు ఇంధనం అన్నీ కలిపి 622 కిలోలు దాటకూడదు, సీటుకి 109 కిలోలు. వచ్చిన ప్రతి స్టూడెంట్‌నీ ముందు కాటా మీద నిలబెట్టాలి. టెక్సాస్ ఎండలో ఏసీ లేదు, తలుపులు తీసేసి ఎగురుతాం. ఇంజన్ ఆగిందంటే ఎడమ చేతి కింద ఉన్న కలెక్టివ్ అనే లివర్‌ని ఆ క్షణమే కిందికి దించాలి, ఆలోచించుకునే టైము ఉండదు, పైన తిరిగే రెక్క చాలా తేలిక కాబట్టి స్పీడు ఇట్టే పడిపోతుంది. రెక్క మామూలు స్పీడులో 97 శాతం కిందికి వచ్చేసరికి హారన్ మోగుతుంది. 80 శాతం దగ్గరికి జారిందంటే ఇక దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు. ఇంజన్ ఆగినట్టు చేసి కలెక్టివ్ దించే ఈ సాధన ఒక్కసారి కాదు, రోజూ, కొత్త కొత్త పిల్లలతో చేయించాలి. ఒక్కోసారి పిల్లాడు బిగుసుకుపోయి లివర్ అలా పట్టుకుని ఉండిపోతాడు, నీ చెయ్యి వాడి చేతి మీద నుంచి తొయ్యాలి. ఇంత చేస్తే వచ్చే జీతం, అక్కడ స్టోర్‌లో పనిచేసే వాళ్ళకంటే పెద్దగా ఎక్కువ ఉండదు, అదీ ఎగిరిన గంటలకే. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు ముగ్గురు నలుగురు ఒక గదిలో ఉంటూ ఇలా ఏళ్ళు గడుపుతారు. అదే టైములో ఇంజనీరింగ్‌లో వాళ్ళ పక్కన కూర్చున్నవాడు కొమ్మాదిలో ఫ్లాటు కొనేసి ఉంటాడు, ఇంట్లో అది వినాల్సి వస్తుంది.

రిగ్గుల పని అయితే పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇంట్లో, అలా ఉంటుంది ఎక్కువ చోట్ల. దానికి ముందు, హెలికాప్టర్ సముద్రంలో పడితే బయటపడే శిక్షణ కోసం, నీళ్ళ ట్యాంకులో ఒక కేబిన్‌ని ముంచి తలకిందులుగా తిప్పుతారు, చీకట్లో ముక్కులోకి నీళ్ళు పోతుంటే బెల్టు విప్పుకుని కిటికీలోంచి బయటికి రావాలి. మన వైజాగ్‌లో సముద్రం పక్కనే పుట్టినా చాలామందికి ఈత రాదు, ఈ ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం ఇప్పుడే నేర్చుకోండి.

ఎయిర్ అంబులెన్స్‌లో పన్నెండు గంటల షిఫ్టు, వారం పగలు, వారం రాత్రి. ఫోన్ మోగితే డిస్పాచర్ ఊరు పేరు చెప్తాడు, దూరం చెప్తాడు, రోగి ఎవరు, ఎలా ఉన్నారు అన్నది మాత్రం పైలట్‌కి చెప్పరు. కావాలనే చెప్పరు. పసిపిల్ల అని తెలిస్తే వాతావరణం బాలేకపోయినా మనసు ఎగరమంటుంది, అందుకని. నేను చూసేది వాతావరణం ఒక్కటే. నాతో ఒక నర్సు, ఒక పారామెడిక్ ఉంటారు, ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా ఎగరం, ఎందుకు అని ఎవరూ అడగరు. ఒక రాత్రి మంచు కిందికి దిగుతోంది, దారిలో ఒక వాగు ఉంది, దాని మీద పొగమంచు పట్టేస్తుందని తెలుసు. వద్దు అన్నా. నర్సు హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి కాఫీ కలుపుకుంది, ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ మనిషిని రోడ్డు మీద అంబులెన్స్‌లో తీసుకెళ్ళి ఉంటారు. ఏమైందో నాకు ఈ రోజుకీ తెలీదు. ఇలాంటి రాత్రులు చాలా ఉంటాయి తమ్ముడూ, వాటిని ఇంటికి మోసుకెళ్ళి నాలుగేళ్ళ కూతురు బడికి రెడీ అవుతుంటే కర్టెన్లు వేసుకుని పడుకోవాలి. మా పిల్లలు ఇంట్లో మెల్లగా నడవడం నేర్చుకున్నది నా నైట్ షిఫ్టుల వల్లే. మా ఆవిడ పండగ వంటలు ఎన్నిసార్లు నా ఒక్కడి కోసం డబ్బాలో సర్ది పెట్టిందో చెప్పలేను.

ఇక భయం సంగతి. మన తెలుగు ఇళ్ళల్లో హెలికాప్టర్ అనగానే గుర్తొచ్చేవి మంచివి కావు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు, 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో రాజశేఖరరెడ్డి గారు, 2021 డిసెంబర్ 8న కూనూరులో జనరల్ రావత్ గారితో పాటు మన అప్పటి చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్ నాయక్ సాయితేజ. ఆ కూనూరు ప్రమాదమైనా, 2020 జనవరిలో కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ వెళ్తున్న హెలికాప్టరైనా, విచారణల్లో తేలింది ఒకటే, మబ్బులోకి వెళ్ళాక పైలట్‌కి పైకీ కిందికీ తేడా తెలియకుండా పోవడం. బయట ఏమీ కనపడకపోతే చెవి లోపలి బ్యాలెన్స్ అబద్ధం చెప్తుంది, వంగిపోతున్నా నిటారుగానే ఉన్నామనిపిస్తుంది. విమానం మబ్బుల పైన వెళ్ళిపోతుంది, మన పనంతా మబ్బు కింద, కొండల పక్కన, కరెంటు తీగల మధ్య. అందుకే ఎగరను అని చెప్పగలగడం ఈ ఉద్యోగంలో పెద్ద పని, అదీ పక్కన వీఐపీ కూర్చుని టైము అవుతోంది అంటున్నప్పుడు.

మా అమ్మ ఇప్పటికీ టీవీ స్క్రోలింగ్‌లో హెలికాప్టర్ అన్న మాట కనబడితే అది ఏ దేశమో చదవక ముందే నాకు ఫోన్ చేస్తుంది. నేను ఎత్తకపోతే మా ఆవిడకి. షిఫ్టులో ఉండి ఎత్తలేకపోతే తెల్లవార్లూ దేవుడి గది ముందు కూర్చుంటుంది. ఇక్కడ ఐఎన్ఎస్ డేగా నుంచి లేచిన నేవీ హెలికాప్టర్ మా డాబా మీంచి వెళ్తే వీధిలో పిల్లలు చెయ్యూపుతారు, ఆవిడ మాత్రం తల ఎత్తి చూడదు. తాతయ్య పెద్దకర్మకి నేను రాలేదు, షిఫ్టు మార్చుకోడానికి ఎవరూ దొరకలేదు. సింహాచలం చందనోత్సవం చూసి ఎన్నేళ్ళైందో.

ఒంటి సంగతి కూడా చాలామంది చెప్పరు. కుడిచేతిలో సైక్లిక్ అనే స్టిక్, ఎడమచేతిలో కలెక్టివ్, రెండు కాళ్ళూ పెడల్స్ మీద, కాస్త ముందుకి వంగి ఒక పక్కకి ఒరిగి గంటల తరబడి, కింద నుంచి ఆగకుండా అదురు. నడుం నొప్పి లేని పాత హెలికాప్టర్ పైలట్‌ని నేను చూడలేదు. రాత్రి పూట హెల్మెట్‌కి నైట్ విజన్ గాగుల్స్ తగిలిస్తే మెడ లాగేస్తుంది. చెవులు కూడా మెల్లగా మందగిస్తాయి.

అన్నిటికన్నా మన తెలుగువాళ్ళు ఆలోచించాల్సింది షుగర్. ఏడాదికోసారి మెడికల్ పాస్ అయితేనే ఉద్యోగం. మన ఇళ్ళల్లో నలభై దాటేసరికి షుగరూ బీపీ వచ్చేస్తాయి, మందులు మొదలైతే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ళు వెంటనే కాదనరు గానీ షుగర్‌కి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి, ఆ కాగితాలు తేలేదాకా ఇంట్లో కూర్చోవాలి. నాన్నకీ బాబాయికీ షుగర్ ఉంటే స్థలం అమ్మే ముందు ఇదొక్కటి లెక్క వేసుకోండి. మనసు బాలేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి పైలట్లు వెనకాడతారు, మెడికల్ పోతుందేమోనని, ఇది చాలా బాధాకరమైన విషయం. అలా దాచుకోకండి. టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పైలట్ అని రాసి తీసుకోండి, కొన్ని పాలసీలు ఫ్లయింగ్‌లో జరిగినదానికి ఇవ్వవు, పెళ్ళాం పిల్లలు తర్వాత ఇబ్బంది పడకూడదు.

తిరిగొచ్చి ఇండియాలో చేస్తాం అనేవాళ్ళకి, మన విమానయాన సంస్థ డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకోవాలి, అది కష్టమే గానీ అయ్యే పని. ఉద్యోగం దగ్గరే చిక్కు. ఇక్కడ సివిల్ హెలికాప్టర్లలో ఎక్కువమంది ఎయిర్‌ఫోర్స్, ఆర్మీ, నేవీ నుంచి వేల గంటలతో దిగినవాళ్ళు, 200 గంటలతో వచ్చిన నిన్ను వాళ్ళ పక్కన నిలబెడతారు. నిజంగా ఇష్టముంటే, వయసుంటే, ముందు నేవీకో ఎయిర్‌ఫోర్స్‌కో ప్రయత్నించు. వైజాగ్ కుర్రాడికి ఆ దారి ఇంటి ముందే ఉంది, ఖర్చు ప్రభుత్వానిది, గంటలు నీవి.

ఇప్పటికే అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి వేరే మాట. టీఎస్ఏ అనుమతి తీసుకుని శని ఆదివారాలు నేర్చుకోండి, ప్రైవేట్ లైసెన్సు వరకు వెళ్ళండి, డబ్బులకి మాత్రం ఎగరకండి, వీసా పోతుంది. గ్రీన్ కార్డు వచ్చేనాటికి ఇంకా మనసు అక్కడే ఉంటే అప్పుడు మీ ఆవిడతో, మీ ఆయనతో కూర్చుని మాట్లాడండి. నైట్ షిఫ్టులు, పండగలు, నడుము అన్నీ విడమర్చి చెప్పి, వాళ్ళు సరే అంటేనే సాఫ్ట్‌వేర్ వదలండి.

మా వీధి చివరాయనకి చెప్పింది కూడా ఇదే. స్థలం బేరం ఆపండి, ముందు అబ్బాయికి డీజీసీఏ క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయించండి, దాని ఖర్చు వేలల్లోనే. అది పాసయ్యాక ఏ స్కూల్ అయితే అంటున్నారో ఆ స్కూల్లో ఇప్పుడు పనిచేస్తున్న ఇన్‌స్ట్రక్టర్లలో వీసా మీద వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళకి నెలకి ఎన్ని గంటలు దొరుకుతున్నాయో కన్సల్టెన్సీ వాళ్ళని కాగితం మీద రాసిమ్మనండి. వచ్చే నెల ఆరో తారీకు దాకా ఇక్కడే ఉంటా, ఆ కాగితం పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.