డాలర్ కుటుంబం చేతి నుంచి ఓడల కంపెనీ ఎలా జారిపోయింది?

సూటిగా చెప్పాలంటే, అప్పుల వల్ల. స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్‌లో 1844లో పుట్టిన రాబర్ట్ డాలర్ అసలు కలప వ్యాపారి. తన కలప తరలించడానికి 1895లో న్యూస్‌బాయ్ అనే చిన్న స్టీమర్ కొన్నాడు. (డాలర్ నిజంగా ఇంటిపేరే, ఓడల పొగగొట్టాల మీదా డాలర్ గుర్తే!) 1923లో అమెరికా ప్రభుత్వం దగ్గర 'ప్రెసిడెంట్' అని పేరు మొదలయ్యే 7 ఓడలు కొని, 1924 జనవరిలో భూగోళం చుట్టే సర్వీసు మొదలుపెట్టాడు.

చిక్కల్లా ఆ ఓడలు అప్పు మీద, టపా మోసినందుకు ప్రభుత్వమిచ్చే సబ్సిడీ మీద నడవడమే. 1930ల ఆర్థిక మాంద్యంలో సరుకు పడిపోయింది, 1932లో రాబర్ట్ పోయాడు. 1937 డిసెంబరులో ప్రెసిడెంట్ హూవర్ అనే వీళ్ల ఓడ తైవాన్ దగ్గర మెట్టకెక్కి పనికిరాకుండా పోయింది. 1938లో అప్పుల బాధ్యత తప్పించుకోవడానికి కుటుంబం 90 శాతానికి పైగా ఓటు వాటాలను ప్రభుత్వానికి అప్పగించింది. కంపెనీ పేరు అమెరికన్ ప్రెసిడెంట్ లైన్స్ (ఏపీఎల్) అయింది. ఇచ్చింది తాకట్టే, అమ్మకం కాదంటూ కొడుకు స్టాన్లీ కోర్టుకెక్కాడు. చివరికి 1952లో వాటాలు అమ్మేసి, వచ్చిన సొమ్ము ప్రభుత్వం, డాలర్ కుటుంబం సగం సగం పంచుకున్నాయి. ఇప్పటి ఏపీఎల్ ఓడల కంపెనీ దాని వారసే.