బూన్ ప్రయాణం: యాప్‌లో మంచు, వాన రెండూ చూపిస్తోంటే

శనివారం అమెరికా నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి కొండల్లో ఉన్న బూన్ వెళ్లాలి, యాప్ కాసేపు మంచు, కాసేపు వాన అంటోంది, ఏది నమ్మాలని అడిగారు కదా. రెండూ నిజమే కావచ్చండి. అపలాచియన్ కొండల తూర్పు వైపు చల్లగాలి నేలను అంటుకుని ఇరుక్కుపోతుంది, దాని మీదికి వెచ్చటి గాలి వస్తుంది. మంచు ఆ పైపొరలో కరుగుతుంది. కింది చల్లటి పొర మందంగా ఉంటే మళ్లీ గడ్డకట్టి ఐసు పలుకుల్లా రాలుతుంది. పల్చగా ఉంటే వానగానే పడి, రోడ్డును తాకాక గడ్డకడుతుంది, దీన్నే ‘ఫ్రీజింగ్ రెయిన్’ అంటారు. నాకు టెన్షన్ దీనితోనే. చూడ్డానికి ఉత్త తడి రోడ్డే, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా ఆగదు.

యాప్ బొమ్మలు వదిలేసి అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చే ఫోర్‌కాస్ట్ డిస్కషన్, అంటే వాళ్ల నిపుణులు మాటల్లో రాసే అంచనా, చదవండి. బూన్‌కి చూడాల్సింది ఆ సంస్థ బ్లాక్స్‌బర్గ్ ఆఫీసుది, షార్లెట్‌కి చూసేది కాదు. అందులో ‘ఫ్రీజింగ్ రెయిన్’ అని ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.