గోలీ మానేస్తే బిడ్డకు మేలేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 26. మొదటి కాన్పు తర్వాత డిప్రెషన్ రావడంతో ఏడాదిగా సెర్ట్రాలిన్ 50 మిల్లీగ్రాముల గోలీ వేసుకుంటున్నాను. ఇప్పుడు ఏడో వారం గర్భం. ఈ గోలీలతో బిడ్డ అవిటిగా పుడుతుందని మా అత్తమ్మ స్ట్రిప్పును బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. ఐదు రోజులుగా వేసుకోవడం లేదు. నిద్ర పట్టడం లేదు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టవుతోంది. మానేసి మంచి పనే చేశానా?
– ఒక సోదరి

జవాబు: తలలో ఆ షాకులు, నిద్రలేమి చాలావరకు మందు ఉన్నట్టుండి ఆపినందువల్ల వచ్చేవే. గోలీ రాసిన డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేసి, మళ్లీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో అడగండి. సొంతంగా రెండేసి వేసుకోవద్దు.

మీ అత్తమ్మ భయం అర్థం లేనిది కాదు, ఎందుకంటే గర్భం నిలిచినప్పటి నుంచి లెక్కిస్తే మూడో వారం నుంచి ఎనిమిదో వారం వరకు బిడ్డ గుండె, వెన్ను వంటి ముఖ్య అవయవాలు ఏర్పడతాయి. అయితే ఏ మందూ వాడని తల్లులకు పుట్టే బిడ్డల్లోనూ నూటికి సుమారు ముగ్గురికి ఏదో ఒక పుట్టుక లోపం ఉంటుంది. అమెరికాలో 9 లక్షలకు పైగా గర్భాలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో డిప్రెషన్ మందులు వాడినందువల్ల గుండె లోపాలు చెప్పుకోదగినంత పెరిగినట్టు తేలలేదు. పారాక్సిటిన్ అనే మందు విషయంలో మాత్రం అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక చేసింది కనుక గర్భిణులకు దాన్ని సాధారణంగా కొత్తగా మొదలుపెట్టరు. ఫిట్స్‌కూ, అతి హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకూ ఇచ్చే వాల్‌ప్రోయేట్ నిజంగా ప్రమాదకరమైనది. జనం చెప్పుకునే భయాల్లో ఈ మందులన్నీ ఒకే గంపలో పడిపోతుంటాయి. మీది వాటిలో ఏదీ కాదు. గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ డాక్టర్లు ముందుగా ఎంచుకునే వాటిలో సెర్ట్రాలిన్ ఒకటి.

కాన్పు దగ్గరపడే దాకా వాడితే కొందరు పిల్లలు పుట్టగానే వణకడం, చిరాకుగా ఏడవడం, పాలు సరిగా తాగకపోవడం చూస్తాం. ఎక్కువగా కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల రక్తపోటు అనే అరుదైన ఇబ్బంది వెయ్యికి ఇద్దరిలో ఉండేది ముగ్గురికి చేరవచ్చు. అందుకే ఈ గోలీ సంగతి కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పాలి.

అత్తమ్మకు తెలియని రెండో వైపు ఒకటుంది. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భం సమయంలో మందు మానేసిన వారిలో నూటికి 68 మందికి డిప్రెషన్ తిరగబెట్టగా, కొనసాగించిన వారిలో 26 మందికే తిరగబెట్టింది. తల్లి తినక, నిద్రపోక, చెకప్‌లకు వెళ్లకపోతే బిడ్డ బరువు తగ్గవచ్చు, నెలలు నిండకముందే కాన్పు కావచ్చు. పైగా మీకు మొదటి కాన్పు తర్వాతే జబ్బు వచ్చింది కనుక మళ్లీ తిరగబెట్టే ముప్పు ఉంది.

18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్ తప్పక చేయించుకోండి. గుండెతో సహా అవయవాల తీరు అందులో చూస్తారు. ఈలోగా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఇంట్లో వారికి చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అత్తమ్మను వెంటబెట్టుకొని వెళ్లండి, బియ్యం డబ్బాలోని స్ట్రిప్పునూ తీసుకెళ్లండి.